ఏ తల్లి బిడ్డకో

మా చెల్లెలు సిటీ బస్సులో కండక్టరు. నాకూ దానికీ పద్నాలుగేళ్ల తేడా. అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్లు. జడ వేసింది నేను, బడికి పంపింది నేను, అబద్ధమాడితే వీపు మీద రెండు వేసి తర్వాత చాటున ఏడ్చింది నేను. నా పెళ్లి ఊసు వచ్చినప్పుడల్లా, ముందు దీన్ని ఒక దారిలో పెట్టనీండి అన్నాను. అది దారిలో పడేసరికి నా దగ్గరికి ఆ ఊసు తెచ్చేవాళ్లే లేకుండా పోయారు. అందుకు నేను బాధపడింది లేదు. నాకు కుట్టుమిషను ఉంది, మిషను పక్కన కిటికీ ఉంది, రోజూ పొద్దున్నే మిషను మీద కప్పిన గుడ్డ తీయకముందు దేవుడితో చెప్పుకోవడానికి నాలుగు మాటలున్నాయి.

ఆ నాలుగు మాటల్లో మొదటిది, చెల్లెలి పెళ్లయ్యాక తొమ్మిదేళ్లపాటు మారలేదు. దాని కడుపు పండించు తండ్రీ.

మా మరిది అదే బస్సుకు డ్రైవరు. ఆరు నెలలు ఒకే బండి మీద డ్యూటీ చేశాక, ఒకరోజు బండి ఖాళీ అయ్యాక వెనక్కి తిరిగి, "నాకిక ఈల వేయకు, పేరుపెట్టి పిలువు" అన్నాడట. ఆయన జీవితంలో మాట్లాడిన అతి పెద్ద మాట అదేనని చెల్లెలు ఇప్పటికీ అంటుంది. మాట తక్కువ మనిషే, కానీ దానికి తలనొప్పి వస్తే తన మొహం ముందు వాడిపోతుంది. ఇద్దరూ నా ఇంటి పై వాటాలోనే ఉంటారు.

దానికి రెండుసార్లు కడుపు నిలిచి రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. మూడోసారి మూడో నెల దాటింది, నాలుగు దాటింది, ఐదు దాటింది. డిపోవాళ్లు దాన్ని బస్సు దింపి కౌంటరులో కూర్చోబెట్టారు. ఆరో నెలలో బిడ్డ తన్నిందని చెప్పడానికి అది మెట్ల మీద నుంచి నన్ను కేకేస్తే, నేను కుడుతున్న బడిపిల్లల చొక్కా చెయ్యి ఎడమది కుడివైపు పెట్టి కుట్టేశాను. విప్పి మళ్లీ కుడుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తండ్రీ, నువ్వు నా మాట విన్నావు అనుకున్నాను. ఇక ఈ విషయంలో నీకూ నాకూ తేడా రాదు అనుకున్నాను.

ఏడో నెల వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం డిపో నుంచి ఫోను వచ్చింది. నేను ఆసుపత్రికి చేరేసరికి నా చీర మీద దారప్పోగులు అలాగే ఉన్నాయి, బిడ్డ అప్పటికే పుట్టేసింది. ఆడపిల్ల. తొమ్మిది వందల ఎనభై గ్రాములు. చెల్లెలు మంచం మీద మొహమంతా పాలిపోయి పడుకుని, నన్ను చూసి నవ్వబోయింది.

"దిగాల్సిన స్టాపు ఇంకా చాలా దూరముందక్కా. ముందే దిగేసింది మహాతల్లి."

నెలలు నిండని పిల్లల వార్డు మూడో అంతస్తులో ఉంది. మోచేతులదాకా సబ్బుతో రుద్దుకుని, కాళ్లకు తొడుగులు వేసుకుని, అప్పుడు లోపలికి పోవాలి. వరసగా పద్నాలుగు గాజుపెట్టెలు. మా పిల్ల అయిదోదానిలో ఉంది. దాని కాలు నా చిటికెనవేలంత ఉంది. ఒంటి నిండా గొట్టాలు, వైర్లు, మొహం మీద పట్టీలు. వాటి మధ్యలో ఎక్కడో మా పిల్ల. ఆ వార్డును నడిపే పెద్ద సిస్టరు, రిటైరవడానికి ఏడాదే ఉన్న మనిషి, ప్రతి పిల్లకూ తనే ఒక ముద్దుపేరు పెడుతుంది. మా పిల్లను చూసి, "దీని పేరు గుప్పెడు. గుప్పెడే కానీ చూడండి, ఎంత గట్టిగా కాళ్లు ఆడిస్తోందో" అంది. మేమంతా అలాగే పిలిచాం. ఇంటికి తీసుకెళ్లాక మంచి పేరు ఆలోచిద్దాం అనుకున్నాం.

పాలు ఎలా తీయాలో చెల్లెలికి నేర్పించింది కూడా పెద్ద సిస్టరే. మొదటిరోజు అరగంట కష్టపడితే నాలుగు చుక్కలు వచ్చాయి. ఆ నాలుగు చుక్కలూ సూది లేని సిరంజిలోకి లాక్కుని, చెల్లెలు ఆపరేషను కుట్లు పట్టుకుని నడుస్తూ తనే వార్డుకి తీసుకెళ్లింది. వారం తిరిగేసరికి మూడు గంటలకోసారి పంపు పెట్టుకుంటే చిన్న సీసా నిండేది. గుప్పెడు తాగేది రెండు గంటలకు ఒక్క మిల్లీలీటరు, అదీ ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా. మిగిలినవన్నీ వార్డు ఫ్రిజ్‌లో దానికోసమే దాచేవారు. ఇంత పాలు ఎప్పుడు తాగుతుందిరా బాబూ అని నేనంటే, పెళ్లినాటికి సరిపోతాయిలే అక్కా అనేది చెల్లెలు.

పదో రోజున బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టనిచ్చారు. ఆ మర్నాడు తండ్రి వంతు. మా మరిది చొక్కా గుండీలు విప్పి కుర్చీలో వెనక్కి వాలి, ఆ గుప్పెడు ప్రాణాన్ని రొమ్ము మీద పెట్టుకుని గంటసేపు కదల్లేదు. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదట. బయటికొచ్చాక నాతో, "నా గుండె చప్పుడు వింటుంది వదినా. ఆగి ఆగి వింటుంది" అన్నాడు. ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పడం అదే మొదలు.

నాకు ఎత్తుకునే అవకాశం లేదు, తల్లిదండ్రులకే. పెట్టెకున్న గుండ్రటి తలుపులోంచి ఒక వేలు పెట్టనిచ్చారు. సూదిపోట్లతో గరుకుబారిన నా చూపుడువేలి కొసను అది పట్టుకుంది. పెద్దమ్మనే, నేను నీ పెద్దమ్మనే అని చెప్పాను. ఆ రోజు వార్డు బయట బల్ల మీద కూర్చుని దేవుడికి నేను చెప్పుకున్న కృతజ్ఞతలకు అంతు లేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున పిల్ల పొట్ట ఉబ్బింది. పాలు ఆపేశారు. పేగులకు ఇన్ఫెక్షను సోకిందన్నారు. నేను బల్ల మీద కూర్చుని దేవుడిని అడగగలిగినదల్లా అడిగాను. నా కళ్లు తీసుకో అన్నాను, నా చేతులు తీసుకో, ఇక కుట్టను అన్నాను. మధ్యాహ్నం మూడు దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. చిన్నపిల్లే, మా చెల్లెలి ఈడు. మాట్లాడేముందు మూతికి కట్టుకున్న మాస్కు తీసేసింది. అప్పుడే నాకు అర్థమైంది.

గొట్టాలు, పట్టీలు అన్నీ తీసేసి, తెల్లటి గుడ్డలో చుట్టి చెల్లెలి చేతుల్లో పెట్టారు. దాని మొహం పూర్తిగా చూడటం మాకదే మొదటిసారి. అచ్చం మా అమ్మ గడ్డం. చెల్లెలు దాన్ని మరిదికిచ్చింది, మరిది నాకిచ్చాడు. ఎత్తుకోవాలని అంతగా తపించానా, ఎత్తుకున్నాను.

*

ఇంటికొచ్చాక మూడో రోజు, చెల్లెలు కింద నా గదిలో గోడకానుకుని కూర్చుని ఉంది. దాని జాకెట్టు మీద రెండువైపులా తడి. ఒంటికి ఇంకా కబురు అందలేదు. పాలు పొంగుతూనే ఉన్నాయి. నేను పెద్ద సిస్టరుకు ఫోను చేస్తే, చల్లటి గుడ్డ వేయమనీ, మెత్తటి బట్ట గట్టిగా చుట్టమనీ, పదిరోజుల్లో అవే ఇంకిపోతాయనీ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పబోయి, తర్వాత మాట్లాడతాలే అని పెట్టేసింది. నేను మెత్తటి నూలుగుడ్డ తీసి వెడల్పాటి పట్టీలుగా చించాను. చెల్లెలు ఆ పట్టీలవైపు చాలాసేపు చూసింది.

"వద్దక్కా," అంది. "ఆసుపత్రిలో పాల బ్యాంకు ఉంది కదా. ఇచ్చొస్తాను."

అక్కడ చాలామంది తల్లులకు పాలు పడవు. కొందరికి స్పృహే ఉండదు, ఒకరిద్దరు పురిట్లోనే పోయారు కూడా. అలాంటి పిల్లలకు వేరే తల్లులు ఇచ్చిన పాలు పట్టిస్తారు. అది నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ క్షణాన నా నోట వచ్చిన మాట ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. మన పిల్ల నోటిది తీసి ఊళ్లోవాళ్లందరికీ పోస్తావా అన్నాను.

చెల్లెలికి కోపం రాలేదు.

"మన పిల్లకి ఇప్పుడు ఆకలి లేదక్కా," అంది. రొమ్ము మీద చెయ్యి వేసుకుని, "దీనికే ఆ సంగతి తెలీదు."

రక్తపరీక్షలు చేశారు, కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. నలుగురైదుగురు తల్లుల పాలు కలిపి, వేడిచేసి, చల్లార్చి, అప్పుడు పిల్లలకు పడతారట. ఎవరి పాలు ఎవరికి వెళ్లేదీ చెప్పరట. "ఏ తల్లి బిడ్డకో వెళ్తాయమ్మా, అది మేం చెప్పకూడదు" అందట పెద్ద సిస్టరు. చెల్లెలు అలాగే మంచిది అని సంతకం పెట్టి, ఆసుపత్రి పంపు ఒకటి అడిగి తెచ్చుకుంది.

అప్పట్నుంచి రోజుకు ఆరుసార్లు పై వాటాలోంచి ఆ పంపు చప్పుడు. ముసలివాళ్ల గురకలా ఒకే తాళంలో వచ్చేది. అది మొదలవగానే నేను కింద మిషను గట్టిగా తొక్కేదాన్ని, వినబడకూడదని. దేవుడితో మాట్లాడటం మానేశాను. ఆయనతో పోట్లాడానని కాదు. పోట్లాడటానికైనా మాటలుండాలి కదా. తెల్లారగానే మిషను మీది గుడ్డ తీసేసి నేరుగా సూదిలో దారం ఎక్కించేదాన్ని.

మా మరిది వారానికే డ్యూటీకి వెళ్లిపోయాడు. పొద్దున్నే సీసాలు మంచు డబ్బాలో పెట్టుకుని తన సీటు పక్కన పెట్టుకునేవాడు. ఆసుపత్రి స్టాపులో వార్డు ఆయా గేటు దగ్గరికొచ్చి అందుకునేది. ఆయనతో కొత్తగా డ్యూటీ చేస్తున్న కండక్టరు ఒకరోజు మా ఇంటికొచ్చి నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆయన ఎవ్వరూ లేని స్టాపుల్లో కూడా బండి ఆపి తలుపు తెరుస్తున్నాడట. ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు. కాసేపు చూసి మూసేసి మళ్లీ కదిలిస్తాడట. ప్రయాణికులు గొణుగుతున్నారట కానీ, కారణం తెలిసినవాళ్లు వాళ్లను ఊరుకోబెడుతున్నారట. నేను ఆ మాట చెల్లెలికి చెప్పలేదు.

నెల తిరిగాక ఒకరోజు వంటింట్లో అది సీసాలు మరిగే నీళ్లలో వేస్తుంటే పక్కన నిలబడ్డాను. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్నది బయటికొచ్చింది.

"నీకు దేవుడి మీద కోపం రాలేదుటే?"

అది పటకారుతో సీసాలు తిప్పుతూనే చెప్పింది.

"రాకేం. పంపు పెట్టుకున్న ప్రతిసారీ తిడతాను. రోజుకి ఆరుసార్లు. నాకు బస్సులో నేర్చుకున్న తిట్లన్నీ వచ్చు కదా. తిట్టీ తిట్టీ అలిసిపోయేసరికి సీసా నిండుతుంది. ఇన్ని తిట్లు పడి కూడా ఇస్తూనే ఉన్నాడే అనిపిస్తుంది. అక్కడితో ఊరుకుంటాను, మళ్లీ మూడు గంటలదాకా."

నేను దేవుడికి ఇన్నేళ్లుగా చెప్పుకున్నవన్నీ మర్యాద మాటలు. ఇది చూడబోతే ఆయనతో కాపరం చేస్తున్నట్టు మాట్లాడుతోంది. నాకు అసూయ కలిగింది. కానీ దానిలా ఊరుకోవడం నావల్ల కాలేదు.

ఆరోవారంలో మరిదికి జ్వరం వచ్చింది. డబ్బా నేను తీసుకెళ్లాల్సి వచ్చింది. గేటు దగ్గర ఆయా కనబడలేదు. చేసేది లేక మూడో అంతస్తు ఎక్కాను. పెద్ద సిస్టరే వచ్చి డబ్బా అందుకుంది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది. మా చెల్లెలు ఎలా ఉందని అడిగింది, తింటోందా, నిద్రపోతోందా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి ఇలా చెప్పింది.

"పేర్లు చెప్పకూడదమ్మా. కానీ ఈ నెలన్నరలో మీ పాలు కలిసిన బ్యాచి తాగినవాళ్లలో నలుగురు ఇళ్లకు వెళ్లారు. ఒకళ్లు వెళ్లలేదు. ఈ పొద్దునే."

ఆవిడ లేచి వెళ్లిపోయాక అలాగే కూర్చున్నాను. అదే బల్ల ఆ చివర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో సంచీ, చేతిలో చిన్న ఉన్ని టోపీ. ఆ టోపీని సంచీలో పెడుతోంది, మళ్లీ తీస్తోంది, చేతిలో పట్టుకుంటోంది, మళ్లీ పెడుతోంది. ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. నేను జరిగి పక్కన కూర్చున్నాను. ఆవిడ తలెత్తకుండానే, మీ పిల్ల ఎలా ఉంది అని అడిగింది.

"పోయిందమ్మా," అన్నాను. "ఆరువారాలయింది."

పైకి ఆ మాట అనడం నాకదే మొదటిసారి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. లోపల మా కోడలుంది, దాన్నెలా తీసుకెళ్లాలో తెలియడం లేదు అంది. నాకూ తెలియలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు. నేను అనుకోకుండానే, ఆరువారాల తర్వాత, లోపల్నుంచి ఒక మాట వచ్చింది. తండ్రీ, ఈవిడను చూడు. అంతే. ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఇంటికొచ్చి చెప్పాలా వద్దా అని మెట్ల దగ్గర చాలాసేపు తటపటాయించాను. దాచడం నాకు చేతకాదు. నలుగురు వెళ్లారనీ చెప్పాను, ఒకళ్లు వెళ్లలేదనీ చెప్పాను. చెల్లెలు ఆ నలుగురి గురించి ఏమీ అడగలేదు.

"ఆడపిల్లా, మగపిల్లాడా?" అంది.

తెలియదన్నాను.

గుప్పెడు పోయిన రోజున కూడా అది గొంతెత్తి ఏడవలేదు. ఇప్పుడు, ముఖం కూడా చూడని ఆ బిడ్డకోసం నేలమీద కూలబడి ఏడ్చింది. నేను ఇచ్చాను కదక్కా, నేను ఇచ్చాను కదా అంటూ ఏడ్చింది. కాసేపటికి ఆ బిడ్డ ఎవరో, మా బిడ్డ ఎవరో ఆ ఏడుపులో తేడా లేకుండా పోయింది. పై గదిలోంచి మరిది దుప్పటి కప్పుకునే దిగివచ్చాడు. ఏమైందని అడగలేదు. దాని పక్కన కూర్చుని దాని తల తన భుజానికి ఆనించుకున్నాడు. ముగ్గురం ఏడ్చాం. పంతొమ్మిది రోజులు బతికిన పిల్లకోసం ముగ్గురం కలిసి ఏడవడానికి మాకు నెలన్నర పట్టింది.

ఆ తర్వాత పాలు తగ్గుతూ వచ్చాయి. ఆరుసార్లు నాలుగయింది, నాలుగు రెండయింది. ఒక పొద్దున సీసా అడుగు కూడా తడవలేదు. చెల్లెలు ఆ ఖాళీ సీసాను వెలుగుకు పట్టి చూసి, "అయిపోయాయక్కా" అంది. అంత నిదానంగా అంది కానీ, ఆ రోజంతా మంచం దిగలేదు. బిడ్డది అంటూ దాని ఒంట్లో ఇక ఏదీ మిగల్లేదు. నేను వెళ్లి పక్కన పడుకున్నాను.

పంపు తిరిగి ఇవ్వడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ మర్నాటి నుంచే దానికి డ్యూటీ. పెద్ద సిస్టరు పంపు తీసుకుని, ఇది ఇప్పుడే కావాలి అంటూ పక్కనున్న తల్లుల గదిలోకి చూసింది. మంచం అంచున ఒక పిల్ల కూర్చుని ఉంది, ఇరవై ఏళ్లు కూడా ఉంటాయో ఉండవో. నిన్న కాన్పయిందట. బిడ్డ ఏడు వందల గ్రాములట. పంపు చూడగానే ఆ పిల్ల భయంతో బిగుసుకుపోయింది.

చెల్లెలు సిస్టరును ఒక్క మాట అడిగి, చేతులు కడుక్కుని లోపలికెళ్లింది. తలుపు సందులోంచి నాకు కనబడుతూనే ఉంది. ఆ పిల్ల పక్కన కూర్చుని, కప్పు ఎక్కడ ఆనించాలో, ఎంత వాలి కూర్చోవాలో చూపిస్తోంది. "మొదటిరోజు నాలుగు చుక్కలే వస్తాయి. తక్కువని ఏడవకు. ఆ నాలుగూ చాలు దానికి" అంటోంది. ఆ పిల్ల ఏదో అడిగింది. చెల్లెలు జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగడం చూశాను. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఆ పిల్ల దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నేను బయట కూర్చున్నాను. లోపల ఆ ఏడు వందల గ్రాముల బిడ్డ ఏ పెట్టెలో ఉందో తెలియదు. దానికోసం దేవుడిని అడగాలనిపించింది. అడగాలంటే భయం వేసింది. ఒకసారి అడిగి, ఇచ్చాడనుకుని, ఖాళీ చేతులతో ఈ మెట్లే దిగిన మనిషిని. ఇంకోసారి ఆయన ముందు చెయ్యి చాపితే, ఇంకోసారి ఈ గుండె ఏమవుతుందో నాకు తెలుసు. కిటికీలోంచి కింద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మేమెక్కాల్సినవి రెండు వెళ్లిపోయాయి.

కళ్లు మూసుకున్నాను.

ఈ బిడ్డనయినా ఇంటికి పంపించు తండ్రీ, అన్నాను.